బండి ఆలస్యమైతే పోయేది మన కూలే

నాట్లకీ, మిరప కోతలకీ ఊరు దాటి పోయే కూలీకి రైలుబండి విహారం కాదు, కొడవలిలాగే పనిముట్టు. కొడవలి మొండిబడితే పని సాగనట్టే, బండి వేళకు రాకపోతే ఆనాటి కూలి దక్కదు. పొద్దున్నే చేలో దిగాల్సిన ముఠా పదకొండింటికి చేరితే మేస్త్రీ ఊరుకుంటాడా? ఈ నష్టం ఏ రైల్వే లెక్కల్లోకీ ఎక్కదు.

మన పాసింజరును పక్క లైనులో నిలబెట్టి ఎక్స్‌ప్రెస్సునూ, గూడ్సునూ ముందు పంపుతారు. ఎక్కితే కుళాయిలో నీళ్లుండవు, మరుగుదొడ్డి తలుపు పడదు. కోపం వచ్చి స్టేషన్‌ మాస్టరును తిడతాం. అది ఆయన చేతిలో ఉన్న పనా? కాదు. ఇది పైనుంచి వచ్చిన విధానం.

చూడండి. 2020 మార్చిలో కరోనా వచ్చిందని బళ్లు ఆపారు. ఆపడం తప్పనలేం. మళ్లీ నడిపేటప్పుడు పాసింజర్లకు 'స్పెషల్' అని పేరు పెట్టి, 10 రూపాయల కనీస టిక్కెట్టును 30 చేశారు. పెట్టెలు అవే, నడకా అదే! 2024 ఫిబ్రవరి ఆఖరుకు గాని పాత ధర రాలేదు. అన్నాళ్లూ మన జేబు కొట్టినట్టే కదా?

డబ్బుతో పోతే సరే, ప్రాణాలూ పోతున్నాయి. 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర పలాస పాసింజరును వెనకనుంచి రాయగడ పాసింజరు గుద్దింది. పదిమందికి పైగా బలయ్యారు. బళ్లు ఢీకొనకుండా ఆపే 'కవచ్' ఏర్పాటు ఆ దారిలో అప్పటికి లేదు. అదే ఏడు జూన్‌ 2న ఒడిశాలోని బాలాసోరు దగ్గర 290 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది జనరల్‌ పెట్టెల్లో కిక్కిరిసి పొట్టకూటికి పోతున్న వలస కూలీలు.

పట్టాల తనిఖీ సరిగా జరగడం లేదని కాగ్‌ 2022లోనే నివేదిక ఇచ్చింది. తనిఖీ బళ్లు చేయాల్సిన పరీక్షల్లో 30 నుంచి 100 శాతం దాకా లోటు ఉందని చెప్పింది. భద్రత కోసం పెట్టిన నిధిలోంచి అత్యవసరం కాని పనులకు ఖర్చు చేశారనీ రాసింది. పట్టాలు చూసే గ్యాంగ్‌మన్‌ పోస్టులు ఖాళీగా పెట్టి, ఉన్నవాడి నెత్తిన ఇద్దరి పని వేస్తే పట్టా ఎలా బాగుంటుంది?

వేగంగా పోయే బండి వద్దని మనం అనడం లేదు. 2023 జనవరిలో సికింద్రాబాద్‌, విశాఖల మధ్య వందేభారత్‌ మొదలైంది. అందులో జనరల్‌ పెట్టె ఒక్కటీ లేదు. దానికి దారి ఇవ్వడానికి మన బండి ఎందుకు ఆగాలి? ఏసీ లేని పెట్టెలు వేలల్లో చేయిస్తామని 2024లో చెప్పారు. మంచిదే. అవి మన ఊరి స్టేషనులో ఆగే బళ్లకు తగిలిస్తారా? అడగాల్సిన ప్రశ్న ఇదే.

అడగడమూ ఒక్కొక్కరుగా కాదు. ప్రతి ఊరి కూలి సంఘమూ బండి వచ్చిన వేళ, పోయిన కూలి ఒక నోటుబుక్కులో రోజూ రాయాలి. నెల తిరిగేసరికి అదే మన సాక్ష్యం. అది పట్టుకుని డివిజన్‌ ఆఫీసుకు పోదాం. గ్యాంగ్‌మన్‌నూ, పాయింట్స్‌మన్‌నూ తోడు పిలుద్దాం. పాసింజర్లు వేళకు నడపాలి, జనరల్‌ పెట్టెలు పెంచాలి, ఖాళీలు నింపాలి. వాళ్ల కోరికా, మన కోరికా వేరు కాదు.