వైద్యం ఆమెకి, వివరాలు అతనికి

గృహహింస గురించి మాట్లాడేటప్పుడు మనం పోలీసు స్టేషన్ గురించి, కోర్టు గురించి, పుట్టింటి గురించి, ఆశ్రయ కేంద్రాల గురించి మాట్లాడతాం. ఆరోగ్య బీమా గురించి మాట్లాడం. అది డబ్బు లెక్కల వ్యవహారమనీ, అందులో స్త్రీల హక్కుల ప్రసక్తి ఏముంటుందనీ అనుకుంటాం. కానీ దెబ్బలు తిన్న స్త్రీ ఏ రోజు ఏ ఆసుపత్రికి వెళ్లిందో, ఏ చికిత్స చేయించుకుందో ఆమె నోరు విప్పకుండానే ఆమెను కొట్టినవాడికి తెలిసిపోయే దారి ఒకటుంది. అది బీమా సంస్థ పంపే సమాచారం.

ఉద్యోగుల కుటుంబాలకు కంపెనీలు చేయించే గ్రూపు పాలసీలనే తీసుకుందాం. పాలసీ భర్త ఉద్యోగం మీద ఉంటుంది. అందులో ఆమె 'డిపెండెంట్'. నమోదైన ఫోను నంబరు అతనిది, ఈమెయిల్ అతనిది, బ్యాంకు ఖాతా అతనిది. ఆమె ఆసుపత్రిలో కార్డు చూపించగానే అనుమతి కోసం దరఖాస్తు వచ్చిందనీ, ఇంత మొత్తం మంజూరైందనీ మెసేజ్ అతని ఫోనుకు వెళ్తుంది. ముందు డబ్బు కట్టి తర్వాత రాబట్టుకుందామంటే క్లెయిమ్ ఫారం మీద పాలసీదారు సంతకం కావాలి, డిశ్చార్జి సమ్మరీ జత చేయాలి, వచ్చిన డబ్బు అతని ఖాతాలోనే పడుతుంది. అంటే కొట్టినవాడు సంతకం చేస్తేగాని ఆ దెబ్బలకు కట్టు కట్టించుకున్న ఖర్చు చేతికి రాదన్నమాట!

ఆ ఫారాన్ని ఒకసారి చదివి చూడండి. గాయానికి కారణం అడిగే చోట తనకు తాను చేసుకున్నదా, రోడ్డు ప్రమాదమా, మద్యం లేదా మత్తు పదార్థాల వల్లా అని గడులుంటాయి. ఇంట్లో మనిషి కొట్టాడని చెప్పడానికి గడి లేదు. ఆ పక్కనే మెడికో లీగల్ కేసా, పోలీసులకు చెప్పారా, ఎఫ్.ఐ.ఆర్. జత చేశారా అన్న ప్రశ్నలున్నాయి. ఆమె నిజం చెబితే ఆ నిజం అతని చేతికే వెళ్తుంది. అబద్ధం చెబితే రేపు కోర్టులో ఆమె కేసుకి ఆధారం లేకుండా పోతుంది.

'బాత్‌రూములో జారిపడ్డాను' అని స్త్రీలు ఎందుకంటారని డాక్టర్లు విసుక్కుంటారు, ఒక్కోసారి మన కార్యకర్తలూ విసుక్కుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెళ్లయిన స్త్రీలలో సుమారు 29 శాతం మంది భర్త చేతిలో హింసను అనుభవించారు. శారీరక లేదా లైంగిక హింసకు గురైన స్త్రీలలో ఎవరినైనా సహాయం అడిగినవాళ్లు 14 శాతం మాత్రమే. ఈ మౌనాన్ని సిగ్గు అనో, అజ్ఞానం అనో కొట్టిపారేయలేం. చెబితే ఆ మాట ఎక్కడెక్కడికి పాకుతుందో ఆమెకు బాగా తెలుసు. వెళ్లిపోవాలని ఆలోచిస్తున్న స్త్రీ మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్లినా, గర్భస్రావం చేయించుకున్నా, పాత ఎముక విరుపుకి ఎక్స్-రే తీయించుకున్నా ఆ సంగతి ఇంట్లో తెలియడమే కొత్త దెబ్బలకి కారణం కావచ్చు.

'ప్రైవసీ' అనే మాటను స్త్రీవాదులం మొదటినుంచీ అనుమానంగానే చూశాం. దానికి కారణముంది. ఇంటి గుట్టు పేరుతోనే హింసను నాలుగు గోడల మధ్య దాచారు. మొగుడూ పెళ్లాల మధ్య మనమెందుకని పోలీసులు వెనక్కి పంపారు. కానీ ఇంటి గుట్టు వేరు, ఆమె గుట్టు వేరు. మొదటిది కుటుంబానికి రక్షణ, రెండోది మనిషికి రక్షణ. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. పితృస్వామిక ఆధిపత్యాన్ని కప్పిపుచ్చే ముసుగుగా గోప్యత మారకూడదన్న స్త్రీవాద విమర్శను కూడా ఆ తీర్పు ప్రస్తావించింది. బీమా సంస్థ మాత్రం ఇంకా కుటుంబాన్ని ఒకే మనిషిగా చూస్తోంది. ఆ మనిషి పాలసీదారు.

మన చట్టాలు కొంత దూరం వచ్చి ఆగాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం రోగి వివరాలకు గోప్యత ఇచ్చింది. గర్భస్రావం చేయించుకున్న స్త్రీ వివరాలను డాక్టరు బయటపెట్టకూడదని 2021 సవరణ చెప్పింది. 2005 గృహహింస చట్టం ఏడో సెక్షను కింద బాధితురాలికి ఆసుపత్రి వైద్యం అందించి తీరాలి. కానీ ఆ వైద్యం తాలూకు సమాచారం బీమా సంస్థ నుంచి ఎవరికి వెళ్లాలన్న సంగతి ఈ చట్టం మాట్లాడదు. డాక్టరు నోరు కట్టేశాం, బిల్లు నోరు కట్టలేదు.

అమెరికాలో ఈ సమస్యను చట్టం గుర్తించింది. 'హిపా' చట్టం కింద 2003లో అమలుకు వచ్చిన నిబంధనల ప్రకారం, సమాచారం వెల్లడైతే తనకు ప్రమాదమని స్త్రీ చెబితే ఆమె కోరిన వేరే చిరునామాకి బీమా సంస్థ ఉత్తరాలు పంపాలి. కాలిఫోర్నియా ఇంకో అడుగు వేసింది. 2022 జులై 1 నుంచి అక్కడ గృహహింస, మానసిక ఆరోగ్యం, పునరుత్పత్తి ఆరోగ్యం వంటి చికిత్సల సమాచారాన్ని ఆమె అడగకపోయినా నేరుగా ఆమెకే పంపాలి. అయితే కంపెనీలు సొంత నిధులతో నడుపుకునే పథకాలకు రాష్ట్ర చట్టం వర్తించదు. అక్కడ ఆమె అడిగి తీరాలి. హెచ్-4 వీసా మీద వెళ్లిన మన తెలుగు అమ్మాయిలకు వీసా, బీమా రెండూ చాలాసార్లు భర్త ఉద్యోగం మీదే ఉంటాయి. ఇలా అడిగే హక్కు ఉందని వాళ్లలో ఎంతమందికి చెప్పాం?

డబ్బు కట్టేవాడికి లెక్క తెలియొద్దా అని కొందరు అడుగుతారు. తెలియాలి. పాలసీలో ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది అన్నది అతనికి చెప్పవచ్చు. ఆసుపత్రి పేరు, జబ్బు పేరు, చికిత్స తేదీ చెప్పాల్సిన పని లేదు. మోసాలు జరుగుతాయని భయపడితే సంస్థ తన దగ్గరున్న రికార్డుల్ని తనిఖీ చేసుకోవచ్చు, దానికి భర్త అక్కర్లేదు.

కాబట్టి బీమా నియంత్రణ సంస్థ ముందు మనం పెట్టాల్సిన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. వయసొచ్చిన ప్రతి మనిషి చికిత్స సమాచారం ఆ మనిషికే వెళ్లాలి. ఫోను, చిరునామా, బ్యాంకు ఖాతా ఆమె చెప్పినవే నమోదు చేయాలి. ఎందుకని అడగకూడదు, ఎఫ్.ఐ.ఆర్. చూపించమనకూడదు. క్లెయిమ్ మీద ఆమె సంతకం చెల్లాలి. సొంత ఫోను లేని స్త్రీకి వేరే దారి చూపాలి. అదే సర్వేలో సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్నది సుమారు 54 శాతం స్త్రీలకే.

నియమం వచ్చేదాకా మన చేతిలో ఉన్న పని మనం చేయాలి. స్త్రీని ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు కార్డు బయటికి తీయకముందే అది ఎవరి పేరు మీదుంది, మెసేజ్ ఎవరి ఫోనుకి వెళ్తుంది అని అడగాలి. ప్రమాదం ఉందనుకుంటే బీమా అక్కర్లేని సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లి, గాయాలు ఎలా అయ్యాయో రికార్డులో ఉన్నదున్నట్టు రాయించాలి. వైద్యం ఖర్చుని గృహహింస చట్టం ఇరవయ్యో సెక్షను కింద మేజిస్ట్రేటు ద్వారా భర్త నుంచి రాబట్టవచ్చు. మన కౌన్సెలింగ్ ఫారాల్లో ఈ ప్రశ్నలకి ఈరోజే చోటు కల్పిద్దాం.