సిగ్నల్ అందని చేలలో దత్తాంశాల మార్పిడి: విస్తరణ విద్యలో ఒక లోటు

కొన్నేళ్ల క్రితం ఖరీఫ్‌లో మా స్నాతకోత్తర విద్యార్థి ఒకరు ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని కొండ గ్రామాలలో మొక్కజొన్నపై కత్తెర పురుగు ఉద్ధృతిని నమోదు చేస్తున్నారు. చేనులో డబ్ల్యూ ఆకారంలో నడుస్తూ ఐదు చోట్ల, చోటుకు పది మొక్కల చొప్పున సుడి ఆకులు విప్పి చూడడం, గుడ్ల సముదాయాలను, పురుగు దశను, ఆకుల నష్టాన్ని ఫోనులో నమోదు చేయడం ఆయన దినచర్య. మూడు రోజుల పాటు ఆ గ్రామాలలో సిగ్నల్ లేదు. యాప్ మాత్రం ప్రతి నమోదూ భద్రంగా ఉన్నట్లే చూపుతూ వచ్చింది. నాలుగవ రోజు ఘాట్ దిగి మండల కేంద్రం చేరగానే ఫోనుకు సిగ్నల్ అందింది. యాప్ మళ్లీ లాగిన్ కమ్మని అడిగింది. లాగిన్ అయి చూస్తే పంపవలసిన నమోదులు ఒక్కటీ లేవు. నోటు పుస్తకంలో మొదటి రోజు లెక్కలు మాత్రమే మిగిలాయి. పైరు ఆ దశ దాటిపోయింది. పోయిన పరిశీలన కోసం మరుసటి ఖరీఫ్ వరకు ఆగవలసి వచ్చింది.

ఆ యాప్‌ను రూపొందించిన వారు చేనులో అంతర్జాలం ఉంటుందని ముందే అనుకున్నారు. అది వారి పొరపాటు. మా పొరపాటు వేరు. ఆ మూడు రోజులూ ఆ విద్యార్థి పక్కనే సహాధ్యాయి ఉన్నాడు, ఆయన చేతిలోనూ ఫోను ఉంది. సాయంత్రం బసకు చేరిన తరువాత ఒక ఫోనులోని దత్తాంశాలను రెండవ ఫోనులోకి మార్చుకోవాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. రానందుకు వారిని తప్పు పట్టలేము. మనం వారికి గణాంక శాస్త్రం నేర్పాము, ప్రయోగ రూపకల్పన నేర్పాము. నమోదయిన అంకె చేను నుండి గణన యంత్రం వరకు ఏ దారిన ప్రయాణిస్తుందో నేర్పలేదు.

విద్యార్థులలోనే కాక విస్తరణ అధికారులలో కూడా ఒక అపోహ బలంగా ఉన్నది. సిగ్నల్ లేకపోతే ఫోను పనికిరాదని వారి భావన. జీపీఎస్ ఉపగ్రహాల నుండి నేరుగా సంకేతాలు గ్రహిస్తుంది; మొబైల్ టవర్ లేనిచోట మొదటిసారి స్థానం గుర్తించడానికి కొంత ఎక్కువ సమయం పడుతుంది, అంతే. కెమెరాకు, జ్ఞాపక సామర్థ్యానికి అంతర్జాలంతో పనిలేదు. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలపై దగ్గరలో ఉన్న రెండు పరికరాలను కలుపుతుంది. వేగం తక్కువ. అయినా వంద వరుసల పట్టికకు కొన్ని సెకన్లు చాలు. ఫొటోలు, వీడియోలు ఉన్నప్పుడు వైఫై డైరెక్ట్ మేలు. ఇది 2010 నుండి అందుబాటులో ఉన్న పద్ధతి; మధ్యలో రూటర్ అవసరం లేకుండా రెండు ఫోన్లు తమలో తామే వైఫై సంబంధం ఏర్పరచుకుంటాయి.

ఇటువంటి మార్పిడికి మన గ్రామాలలో షేర్ఇట్, జెండర్ యాప్‌లు విరివిగా వాడుకలో ఉండేవి. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో ఆ రెండూ ఉన్నాయి. యాప్ పోయింది కనుక ఆ సౌకర్యమే పోయిందని చాలామంది అనుకున్నారు. అదే సంవత్సరం ఆండ్రాయిడ్ ఫోన్లలో నియర్‌బై షేర్ వచ్చింది; 2024 జనవరిలో అది క్విక్ షేర్‌గా పేరు మార్చుకున్నది. ఈ సంగతి తెలియక, పక్కన కూర్చున్న మనిషికి ఫైలు పంపడానికి సిగ్నల్ కోసం గుట్ట ఎక్కిన అధికారులను నేను చూశాను. ఇంకొక మాట. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే చిత్రం కుదించబడుతుంది, దానిలో దాగిన స్థాన వివరాలు తొలగిపోతాయి. తెగులు చిత్రాన్ని పరిశోధనకు వాడదలచిన వారికి ఇది నష్టమే. బ్లూటూత్ ద్వారా మూల ఫైలునే పంపితే రెండూ మిగులుతాయి.

క్యూఆర్ కోడ్ విషయంలో మన వినియోగం నాకు మరీ విచిత్రంగా తోస్తుంది. 1994లో జపాన్‌లోని డెన్సో వేవ్ సంస్థ దీనిని వాహన విడిభాగాలను గుర్తించడానికి రూపొందించినది. సమాచారాన్ని తనలోనే మోయడం దాని స్వభావం. అత్యధికంగా 2,953 బైట్లు ఇమడగలవు. అత్యున్నత దోష సవరణ స్థాయిలో, సామర్థ్యం కొంత తగ్గినా, సుమారు 30 శాతం చెడిపోయిన గుర్తును కూడా చదవవచ్చు. ఎండకు, వానకు, బురదకు గురయ్యే మడి గుర్తు పలకకు ఇంతకన్నా తగినది ఏముంటుంది? కాని మన ప్రదర్శన క్షేత్రాల బోర్డులపై ముద్రించే కోడ్‌లలో తరచుగా ఉండేది ఒక వెబ్ చిరునామా మాత్రమే. సిగ్నల్ లేని రైతుకు అది నలుపు తెలుపు ముగ్గు. రకం పేరు, విత్తిన తేదీ, ఎరువుల మోతాదు, పంట కాలం ఇవన్నీ కోడ్‌లోనే తెలుగులో పొందుపరచవచ్చు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు వర్ణం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. గుణింతం గుర్తు, వత్తు వేర్వేరుగా లెక్కకు వస్తాయి. కనుక గరిష్ఠంగా వెయ్యికి లోపు వర్ణాలు పడతాయి. సాధారణ ఫోను తడబడకుండా చదవాలంటే రెండు మూడు వందలకు పరిమితం కావడం మంచిది. క్లుప్తంగా వ్రాసిన సిఫారసుకు అంత చోటు చాలు. (తెలుగు ఎస్ఎంఎస్‌కు 70 వర్ణాలే హద్దు. అందులో ‘ఎకరానికి’ అన్న మాటే ఎనిమిది తింటుంది.)

అంతర్జాలం లేకుండా సమాచారం చేరవేయడం మన దేశానికి కొత్త కాదు. ఈ శతాబ్ది ఆరంభంలో కర్ణాటకలోని దొడ్డబళ్లాపూర్ ప్రాంతంలో డాక్‌నెట్ అనే ప్రయోగం జరిగింది. బస్సుకు వైఫై పరికరం అమర్చారు. గ్రామంలోని కంప్యూటర్ దగ్గరగా బస్సు వెళ్లినప్పుడు దరఖాస్తులు అందులోకి ఎక్కేవి, పట్టణం చేరాక దిగేవి. డిజిటల్ గ్రీన్ సంస్థ స్థానిక రైతులతోనే చిన్న వీడియోలు తీసి, బ్యాటరీతో నడిచే చిన్న ప్రొజెక్టర్ల ద్వారా గ్రామాలలో ప్రదర్శించింది. కత్తెర పురుగు 2018లో మన దేశంలో ప్రవేశించింది. ఆ సంవత్సరమే ఆహార, వ్యవసాయ సంస్థ విడుదల చేసిన ఫామ్యూస్ యాప్ నమోదులను ఫోనులోనే దాచి, సిగ్నల్ అందినప్పుడు పంపేలా రూపొందింది. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల ‘నూరు’ పురుగు నష్టాన్ని గుర్తించే పనిని ఫోనులోనే చేస్తుంది. ఆఫ్రికాలోని చేలను దృష్టిలో ఉంచుకొని చేసినవి కనుక వాటికి ఆ జాగ్రత్త ఉన్నది.

ఈ పద్ధతులను నేను గట్టిగా సమర్థిస్తున్నాను కనుక వాటి ప్రమాదం కూడా నేనే చెప్పాలి. వెబ్‌సైట్‌లోని పొరపాటును మరునాడు సవరించవచ్చు. ఫోను నుండి ఫోనుకు చేతులు మారిన ఫైలును ఎవరూ వెనక్కి పిలవలేరు. 2020 డిసెంబరు 31 నుండి ఫోరేట్, ట్రైజోఫాస్, డైక్లోర్వాస్ వంటి మందులు దేశంలో నిషిద్ధం. అంతకుముందు మనమే ప్రచురించిన కరపత్రాలలో ఫోరేట్ గుళికల సిఫారసు ఉన్నది. ఆ కరపత్రం పీడీఎఫ్ రూపంలో ఎన్ని ఫోన్లలో ఉన్నదో లెక్క లేదు. నిషేధం తరువాత చాలా కాలానికి ఒక యువ రైతు అటువంటి కాగితాన్నే నాకు తన ఫోనులో చూపి, “సార్, ఇది మీ యూనివర్సిటీదే కదా?” అని అడిగారు. మనదే. కాదనలేకపోయాను. పైన మన చిహ్నం ఉంది, తేదీ మాత్రం లేదు.

అంతర్జాలం లేని మార్గంలో ప్రయాణించే ప్రతి సిఫారసుకు తయారయిన తేదీ, చెల్లుబాటు గడువు తప్పనిసరి చేయాలని నా అభిప్రాయం. గడువు పేజీ అడుగున చిన్న అక్షరాలలో కాక మొదటి వరుసలోనే ఉండాలి. అలాగే పాత అను అక్షరాలతో కూర్చిన కరపత్రాన్ని ఫొటో తీసి పంపే అలవాటు మానాలి. అందులోని మాటలను ఫోను వెతకలేదు, చదివి వినిపించలేదు.

తేదీ ప్రస్తావన వచ్చింది కనుక పరికరాల గడియారాల గురించి కూడా చెప్పాలి. నేల తేమను, వర్షపాతాన్ని నమోదు చేసే డేటా లాగర్ బ్యాటరీ అయిపోతే, కొన్నిటిలో గడియారం మొదటికి వస్తుంది. మా క్షేత్రంలో ఒకసారి మెమొరీ కార్డు తీసి చూస్తే వర్షపాతం అంతా 2000 జనవరి 1 నుండి మొదలయింది. ఆ లెక్కన ప్రయోగం దానిని చేస్తున్న విద్యార్థి పుట్టకముందే ప్రారంభమయింది! నెట్‌వర్కు అందని ఫోనులో కూడా సమయం తనంత తాను సరికాదు. కొండ ఎక్కేముందు అన్ని పరికరాల సమయాన్ని సరిచూడడం, ప్రతి నమోదుకు మడి సంఖ్య, నమోదు చేసిన వారి గుర్తు కలిపి ఒకే విశిష్ట సంఖ్య ఇవ్వడం అవసరం. లేకుంటే రెండు ఫోన్ల ఫైళ్లను కలిపినప్పుడు ఒకే మడి రెండుసార్లు లెక్కకు వస్తుంది. రైతు ఆధార్ సంఖ్య, భూమి వివరాలు ఉన్న ఫైలును ఇలా చేతులు మార్చనే కూడదు. అది 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం స్ఫూర్తికి కూడా విరుద్ధం.

రేపో మాపో ప్రతి గూడేనికీ టవర్ వస్తుంది, ఈ ప్రయాస దేనికని కొందరు సహచరులు అంటారు. రావాలనే నా కోరిక. అయితే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖపట్నం వంటి మహానగరంలోనే రోజుల తరబడి ఫోన్లు మూగబోయాయి. 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కొబ్బరి తోటలను నేలకూల్చినప్పుడూ సమాచార వ్యవస్థ దెబ్బతిన్నది. పంట నష్టం నమోదు చేయవలసినది సరిగ్గా ఆ రోజులలోనే. ఆ నమోదుపైనే రైతుకు వచ్చే పరిహారం ఆధారపడి ఉంటుంది.

గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమానికి వెళ్లే చివరి సంవత్సరం విద్యార్థులకు దీనిపై ఒక పూర్తి ప్రయోగ తరగతి ఉండాలి. విశ్వవిద్యాలయం ఏ యాప్‌నయినా స్వీకరించే ముందు ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచి, ఒక రోజు పొడవునా నమోదు చేసి, మధ్యలో ఫోనును ఆపి తిరిగి వెలిగించి, నమోదులు నిలిచాయో లేదో చూడాలి. దీనికి నిధులు అక్కరలేదు, కమిటీ కూడా అక్కరలేదు.

పైన చెప్పిన విద్యార్థి మరుసటి ఖరీఫ్‌లో అదే గ్రామాలకు వెళ్లి తన పరిశీలన పూర్తి చేశారు. ఈసారి నమోదులను ఫోనులోనే నిలుపుకునే ఓడీకే కలెక్ట్‌ను వాడారు. ప్రతి సాయంత్రం ఫైలును సహాధ్యాయి ఫోనులోకి, వారానికొకసారి మెమొరీ కార్డులోకి మార్చారు. నోటు పుస్తకం కూడా వెంట ఉంచుకున్నారు. ఆ పుస్తకం ఇప్పటికీ నా బీరువాలోనే ఉన్నది.