తొర్రలోని పట్టు జోలికి పోవద్దు

పిల్లలూ! చింతచెట్టు తొర్రలోనో, చెదపుట్టలోనో తేనెపట్టు కనబడితే పొగబెట్టి, గొడ్డలితో పగలగొట్టి, పిల్లపురుగులతో సహా పీకేయడం మన నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో మామూలే. అది నాకెందుకు నచ్చదో చెబుతాను.

తొర్రల్లో ఉండే ఈ నాటు ఈగను శాస్త్రజ్ఞులు ఎపిస్ సెరానా ఇండికా అంటారు. చెక్కపెట్టెల్లో పెంచే మన దేశవాళీ ఈగ కూడా ఇదే. దీనికి థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు వస్తుంది. మన దేశంలో అది 1978లో మేఘాలయలో కనబడింది. 1991-92లో కేరళ, కర్ణాటక, తమిళనాడులను ఊడ్చేసింది. నూటికి 90కి పైగా పట్టులు పోయిన చోట్లున్నాయి.

లార్వా ప్యూపాగా మారాలంటే పాత చర్మం విడవాలి కదా! జబ్బుపడ్డ లార్వా విడవలేదు. చర్మానికీ ఒంటికీ నడుమ నీరు చేరుతుంది. పుల్లతో ఎత్తితే నీళ్లసంచిలా లేచి వస్తుంది. చచ్చిన పురుగును గదిలోంచి తీసి పారేసే కూలి ఈగకు ఆ నీరు అంటుతుంది. ఆ ఈగల ద్వారానే వైరస్ మేతలో కలిసి మిగతా లార్వాలకు చేరుతుంది. ఇల్లు ఊడ్చే పనే జబ్బును పంచే పనవుతుంది, చూశారా!

"మందు లేదా సార్?" అంటారు మీరు. లేదు. పెన్సిలిన్ బాక్టీరియా కణకవచాన్ని కట్టనివ్వదు. వైరస్‌కు ఆ కవచమే లేదు. అది ఈగ కణంలో దూరి, ఆ కణం చేతనే తన నకళ్లు చేయించుకుంటుంది. పెట్టెల్లో టెట్రాసైక్లిన్ కలిపిన చక్కెర నీళ్లు పోస్తే ఈ జబ్బు తగ్గదు, తేనెలో మందు మాత్రం మిగులుతుంది.

మరి దక్షిణాదిలో ఈగలు మళ్లీ ఎలా పెరిగాయి? జబ్బును తట్టుకుని మిగిలిన కొద్ది పట్టుల నుంచే. పెంపకందారులు వాటి సంతానాన్నే పెట్టెల్లో విస్తరించారు. ఆ గుణం ఏ పట్టులో ఉందో పైకి చూసి చెప్పలేము. మీ ఊరి తొర్రలో ఉన్నదానిలోనే ఉండవచ్చు. పగలగొడితే సీసాడు తేనె వస్తుంది, రాణి పోతుంది. కొత్త పెట్టెలు కొనుక్కోవచ్చనే వారున్నారు. జబ్బున్న పెట్టె వస్తే దానితో జబ్బూ వస్తుంది.

గుమ్మడిలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. పుప్పొడి మోయడానికి ఈగ రావలసిందే. రేపు పొద్దున్నే మీ పాదు దగ్గర కూర్చుని, గంటలో ఎన్ని ఈగలు వచ్చాయో లెక్కపెట్టండి. అవి ఎటువైపు ఎగిరిపోతున్నాయో దూరం నుంచే చూడండి. తొర్ర కనబడితే గొడ్డలి పట్టే పెద్దవాళ్లకు ముందే చెప్పండి.