ఎర్త్ వైరు చూశారా?

ఆ వైరు మీ కంట పడలేదా?

బోటు వెనక మోటారు బిగించిన బ్రాకెట్ దగ్గర వంగి చూడండి. జానెడు కూడా ఉండదు. ఒక కొస బ్రాకెట్‌కి, ఇంకో కొస మోటారు ఒంటికి. కొసన బిగించిన లగ్గు దగ్గర పచ్చగా చిలుం పట్టి ఉంటుంది. వేలు తగిలితే పుటుక్కుమంటుంది.

చూశారు. చూసి ఊరుకున్నారు.

"మోటారు తిరుగుతోందిగా!" అంటారు. తిరుగుతుంది. ఆ వైరు లేకపోయినా స్టార్టవుతుంది. అదేగా మీ ధీమా?

ఉప్పునీళ్లలో అల్యూమినియానికి స్టెయిన్‌లెస్ స్టీలు షాఫ్టు తోడైతే తినుకుపోయేది అల్యూమినియమే. దాని బదులు కరిగిపోవడానికే జింకు దిమ్మలు పెట్టారు. దిమ్మకూ లోహానికీ లంకె ఉంటేనే ఆ రక్షణ. మోటారును ఎత్తి దించే కీళ్లలో గ్రీజు ఉంటుంది, గ్రీజు కరెంటును సరిగా దాటనివ్వదు. అందుకే ఆ వైరు. అది తెగాక బ్రాకెట్ మీది దిమ్మ ఎవరిని కాపాడుతుంది?

1824లోనే శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ బ్రిటిష్ నౌకాదళం ఓడల రాగిరేకులకు జింకు, ఇనప ముక్కలు తగిలించి ఈ సంగతి తేల్చాడు. 200 ఏళ్లు దాటినా మీకింకా ఆ దిమ్మ "ఏదో ముక్క"!

సగం పైగా అరిగిన దిమ్మను ఇంకో సీజన్ లాగించి, అందం కోసం ఆ దిమ్మ మీదే రంగు పూయించి (పూస్తే అది ఉన్నా లేనట్టే), నాచు పట్టకూడదని అల్యూమినియం మీద రాగి కలిసిన పెయింటు వేయించి, వేట నుంచి రాగానే మంచినీళ్లతో కడగమంటే నీళ్లు దండగని, తెగిన వైరుకు ఇంటి కరెంటు వైరు ముక్క మెలిపెట్టి టేపు చుట్టి, పెయింటు గీకకుండానే లగ్గు బిగించి, గేర్‌కేసు మీద తెల్లపొడి రాలుతుంటే ఉప్పేలే అని తుడిచేసి, గుల్లబారిన చోట లప్పం పెట్టి పైన స్ప్రే కొట్టించి, అదే మోటారుతో ఉప్పాడలోనో భీమిలిలోనో తెల్లవారకముందే మనుషుల్ని సముద్రంలోకి పంపుతారా?

సీలు పక్కన లోహం గుల్లబారితే గేర్ ఆయిల్లోకి నీళ్లు దిగుతాయి. ఆయిల్ పాలలా తెల్లబడుతుంది. ఆ తర్వాత గేర్లు పట్టేస్తాయి.

ఎక్కడ పట్టేస్తాయి? ఒడ్డునా?

తీరం కనబడని చోట ఆగిపోతే తెడ్డేసుకు రమ్మంటారా? ఎక్కేది మీరే అయితే ఇలాగే వదిలేస్తారా?

డబ్బుల్లేవా? జానెడు వైరుకీ రెండు లగ్గులకీనా?

తీరిక లేదా? ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట బందు. వలలు బాగుచేయిస్తారు, బోటుకు రంగులేయిస్తారు, పేరు కొత్తగా రాయిస్తారు. అప్పుడే మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి ఒక కొస బ్రాకెట్ మీది దిమ్మకు, ఇంకో కొస గీకిన గేర్‌కేసుకు ఆనించండి. సున్నా దగ్గర ఆగాలి. అర నిమిషం పని. అదీ దొరకలేదా?

మీ మెకానిక్కుని ఇవాళే అడగండి. "ఏ వైరండీ?" అన్నాడా, మెకానిక్కుని మార్చండి.