కాలు జారితే...

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని పెద్దలన్నారు. ఐసుతో పని చేసేవారి విషయంలో మాత్రం ఈ సామెతలో మొదటి సగం అంత నమ్మదగినది కాదు.

మా కనకాలపేటలో మంచు కురవదు. అయినా యానాం చుట్టుపట్ల చేప వున్నచోటల్లా ఐసు వున్నది. గోదావరికి ఎర్రనీరు వచ్చి పులస కాలం మొదలైతే ఇక చెప్పనక్కరలేదు. దిమ్మెలు పగలగొట్టేటప్పుడు చిట్లిన ముక్కలు నేలను పడి కరుగుతాయి. ఆ నీటిలో చేపల జిగురు, పొలుసులు కలిస్తే సిమెంటు గచ్చు నూనె పూసినట్లవుతుంది. నెత్తిన గంప, చేతులు రెండూ గంపమీద. పడబోతే ఆనుకోవటానికి చెయ్యి ఏదీ? మణికట్టో, తుంటి ఎముకో విరుగుతుంది.

ఐసుపైన సన్నని నీటిపొర వంటిది వుంటుందని మైకేల్ ఫారడే 1850లోనే అన్నాడు. గడ్డకట్టించే చలిలోని ఐసుకంటె కరిగే ఐసే ఎక్కువ జారుతుంది. మన ఎండకు ఐసు కరగని క్షణం లేదు. కనుక ఇది చలిదేశాల గొడవ అని తోసివేయరాదు.

పడినవారిని చూచి "కళ్లు ఎక్కడ పెట్టుకున్నావు?" అనటం మనకు అలవాటు. చట్టం ఆ మాట అనదు. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టమూ, దాని స్థానంలో 2025 నవంబరు 21న అమలుకు వచ్చిన సామాజిక భద్రతా స్మృతీ కూడా, పనిలో పనివల్ల తగిలిన దెబ్బకు యజమానినే బాధ్యుణ్ణి చేశాయి. ఇ.ఎస్.ఐ. వున్నచోట ఆ సంస్థ చూచుకుంటుంది. తాగి పడితే చిక్కే గాని, పరాకుగా నడిచినంత మాత్రాన హక్కు పోదు.

అయితే గుమాస్తాలమైన మాకు తెలిసిన సంగతి ఒకటున్నది. కాగితం మీద లేని దెబ్బ తగలనట్లే లెక్క. పడిన రోజునే పైవారికి చెప్పి తేదీ, వేళ, చోటు, చూచినవారి పేర్లు రిజిస్టరులో వ్రాయించాలి. డాక్టరు చీటీ భద్రపరచాలి. "రేపటికి తగ్గుతుందిలే" అని ఊరుకుంటే తరువాత అడిగే నోరుండదు.

సొంతాన చేపలమ్ముకునే అక్కచెల్లెళ్లకు యజమాని లేడు, ఈ పరిహారమూ లేదు. వారికి నేలే రక్ష. గరుకు గచ్చు, కాలువవైపు వాటం, నీరు నిలిచినప్పుడల్లా చీపురు. మార్కెట్టు చూచేవారిని మనం అడగవలసినవి ఇవి. పెద్ద ఖర్చేమీ కాదు.

మీ ఇంట ఐసు పనికి వెళ్లేవారుంటే ఈ రాత్రే వారి చెప్పులు తిరగేసి చూడండి. అడుగున గీతలు అరిగిపోయి వుంటే ముందు వాటిని మార్చండి.