చెట్టెక్కని మగవాడికీ మగకూలేనా?

చింతలపూడి చుట్టుపక్కల తోటల్లో కూలి మాట్లాడుకునేటప్పుడు రెండు రేట్లు వినిపిస్తాయి: మగకూలి, ఆడకూలి. ఇది చట్టవిరుద్ధం కదా అంటే జవాబు సిద్ధంగానే ఉంటుంది: ఇద్దరి పనీ ఒకటి కాదుగా! నిజమే. మామిడి చెట్టెక్కేది, చిక్కంతో కాయ దించేది మగవాళ్లు. కాయలు ఏరి, మచ్చలు చూసి, సైజులవారీగా వేరుచేసేది ఆడవాళ్లు. పామాయిల్ తోటలో గెల కోసేది వాళ్లు, రాలిన పండ్లు ఏరేది వీళ్లు. జంగారెడ్డిగూడెం వైపు పొగాకు గ్రేడింగ్‌కు కూర్చునేదీ ఎక్కువగా ఆడవాళ్లే.

సమాన వేతన చట్టం చతికిలబడుతున్నది ఇక్కడే. 1976 చట్టం ఒకే పనికి, లేదా అదే తరహా పనికి మాత్రమే సమాన వేతనం అంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా ఆ గీత దాటలేదు. భారత్ 1958లో ఆమోదించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 100వ ఒప్పందం చెప్పేది సమాన విలువ గల పని గురించి. ముందే పనిని ఆడ, మగ అని పంచేసిన చోట మన చట్టానికి పోల్చడానికే ఏమీ మిగలదు.

మరి విలువ సంగతి? పామాయిల్ గెల నుంచి రాలేది బాగా పండిన పండు, నూనె నిండుగా ఉండేది దాంట్లోనే. మన దగ్గర గెలల ధర నూనె దిగుబడి శాతంతో ముడిపడి ఉంది. పొగాకు వేలంలో ధర పలికేది గ్రేడును బట్టి. దెబ్బతిన్న కాయను పసిగట్టకపోతే మామిడి పెట్టె మొత్తం పాడవుతుంది. సరుకు ధర నిలబెట్టే పనికే తక్కువ కూలి!

చెట్టెక్కడం ప్రమాదం, దానికి ఎక్కువ ఇవ్వాల్సిందే. కానీ చెట్టెక్కకుండా కింద పెట్టెలు మోసే మగవాడికీ మగకూలే ముడుతుంది. ఇక ఇందులో నైపుణ్యం మాటెక్కడిది? 1968లో ఇంగ్లండ్‌లోని డాగెన్‌హామ్ ఫోర్డ్ కర్మాగారంలో కారు సీట్ల కవర్లు కుట్టే మహిళలు సమ్మె చేసింది కూడా తమ పనిని తక్కువ నైపుణ్యం కింద లెక్కగట్టినందుకే. ఆ లెక్క మారడానికి 1984 దాకా పట్టింది.

గిట్టుబాటు లేదన్న రైతు మాట అబద్ధం కాదు. అయితే యజమాని ఆర్థిక స్థితి వేతన వివక్షకు సాకు కాదని 1987లో మెకినన్ మెకంజీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఉపాధి హామీలో 2025-26కు మన రాష్ట్రంలో రోజుకూలి రూ.307, ఆడామగా ఒకటే. ఆ పనులకు వచ్చేవాళ్లలో సగానికి పైగా మహిళలు కావడంలో వింతేముంది?

చింతలపూడి ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఆడకూలి మీద నడిచే ఇళ్లు ఎక్కువగా దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల భూమిలేని ఇళ్లే. అందుకే ఈ తేడాను ఆడామగా వ్యవహారమని పక్కన పెట్టడం కుదరదు.

కొత్త కోడ్ పనులను పోల్చడానికి నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత అనే కొలతలు పెట్టింది. కనీస వేతనాలు నిర్ణయించేటప్పుడు రాష్ట్ర ప్రభుత్వం గ్రేడింగ్‌ను, పండ్ల ఏరివేతను వాటితో కొలిచి నైపుణ్య పనుల జాబితాలో చేర్చాలి.