సెల్లు మార్చితే సరిపోదు!

వేలూ లక్షలూ పోసి కొన్న వాటర్‌ప్రూఫ్ వాచీ హఠాత్తుగా ఆగిపోతే చాలామంది వీధి చివరి దుకాణానికే వెళ్తారు. ఐదు నిమిషాల్లో కొత్త సెల్లు పడుతుంది, ముల్లు కదులుతుంది. అసలు చిక్కు తర్వాత... వానలో తడిసిన రోజున అద్దం లోపల ఆవిరి పట్టినప్పుడు!

వాచీలోకి నీరు పోకుండా ఆపేది వెనక మూత ఒక్కటే కాదు. దాని కింద సన్నని రబ్బరు రింగు ఉంటుంది. అదే గ్యాస్కెట్. ఏళ్లు గడిచేకొద్దీ అది గట్టిపడి పగుళ్లిస్తుంది. పాత రింగుతోనే మూత బిగిస్తే నీటికి దారి ఇచ్చినట్లే. రింగు మీద ఒక్క వెంట్రుక ఉండిపోయినా ముప్పే.

అందుకే వాచీ చేతికిచ్చే ముందే అడగండి... గ్యాస్కెట్ మారుస్తారా? దానికి సిలికాన్ గ్రీజు రాస్తారా? ప్రెజర్ టెస్ట్ చేస్తారా? ఈ పరీక్షకు వాచీని నీళ్లలో ముంచక్కర్లేదు. గాలి ఒత్తిడితోనే లీకు ఉన్నదీ లేనిదీ తేలిపోతుంది. కంపెనీ సర్వీస్ సెంటర్లో ఖర్చు ఎక్కువే, రోజులూ పట్టొచ్చు. లోపలి మెషీన్ మార్చాల్సి రావడంతో పోలిస్తే అది తక్కువే.

డయలు మీద 30 మీటర్లని ఉంది కదా అని ఈతకు దిగొద్దు. అది పరీక్షలో పెట్టే ఒత్తిడి లెక్క. చినుకులకీ, చేతులు కడుక్కోవడానికీ సరిపోతుందంతే. ఈతకైతే 100 మీటర్ల వాచీ మేలు. వేణ్నీళ్ల స్నానానికి మాత్రం ఏ వాచీనైనా తీసి పక్కన పెట్టాల్సిందే.

ఆగిన వాచీని 'తర్వాత చూద్దాం' అని బీరువాలో పడేయకండి. అయిపోయిన సెల్లు కారిందంటే లోపలి సర్క్యూట్‌నే తినేస్తుంది!